అగ్గిపెట్టెలో ఆరుద్ర, డబ్బాలో ఐసోపాడ్: మీకు తెలుసా?

ఆరుద్ర పురుగు గరిక తినదని మీకు తెలుసా?

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పుట్టి పెరిగినవాళ్లలో చిన్నప్పుడు అగ్గిపెట్టెలో ఆరుద్ర పురుగును దాచుకోనివాళ్లు తక్కువ. తొలకరి పడ్డ మర్నాడు బడికి పోయే దారిలో, చెలక గట్ల మీద, ఎర్ర మఖమల్ బొట్లు నడిచిపోతున్నట్టు కనిపించేవి. అరచేతిలోకి తీసుకుంటే కాళ్లు ముడుచుకుని బొమ్మలా ఉండిపోయేది. ఊపిరి బిగబట్టి కాసేపు చూస్తే మెల్లగా కాళ్లు చాపి మళ్లీ నడక మొదలుపెట్టేది. ఖాళీ అగ్గిపెట్టెలో గరిక పరిచి, దాన్ని అందులో పెట్టి, రాత్రి తలగడ పక్కన ఉంచుకుని పడుకునేవాళ్లం. రెండో రోజుకో మూడో రోజుకో అది చచ్చిపోయేది.

అసలది లెక్క ప్రకారం పురుగే కాదు. ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి సాలీడుకీ తేలుకీ చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు ఆరు కాళ్లతో మిడతల్లాంటి వాటి ఒంటికి అతుక్కుని రసం పీల్చి బతుకుతుంది. పెద్దదయ్యాక మట్టిలో ఉంటూ చెదపురుగులనీ, పురుగుల గుడ్లనీ తింటుంది. ఏడాదిలో ఎక్కువ భాగం నేల లోపలే గడిపి, వాన బాగా ఇంకాక పైకి వస్తుంది. మనం చూసేది దాని బతుకులో చిన్న ముక్క. గరికతో దానికి పనేం లేదు. ఇక అగ్గిపెట్టె అట్ట పొడిగా ఉండి దాని ఒంట్లోని తడిని గుంజుకునేది. ప్రేమగానే పెంచాం, కానీ దానికి కావలసింది ఏమిటో మనకు తెలియదు.

పెద్దలకు మాత్రం ఒక సంగతి తెలుసు. జూన్ 22 ప్రాంతంలో మొదలయ్యే ఆరుద్ర కార్తె పేరే దానికి పెట్టుకున్నారు. అది కనబడిందంటే నేలలోకి తడి దిగిందని అర్థం. పత్తి గింజ వేయాలంటే చూసుకోవలసింది ఆ తడినే. దానికి మన రైతులు వాడే మాట పదును. గుప్పెట్లోకి మట్టి తీసుకుని నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు, మళ్లీ వేలితో తాకితే ముద్ద విడిపోవాలి. ఈ మాట గుర్తుంచుకోండి. కింద రాసిందంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇంట్లో పెంచుకోగల జీవి పూలకుండీ కిందే ఉంటుంది

వానాకాలంలో పెరట్లో కుండీని పక్కకు జరపండి. బూడిద రంగులో, బియ్యపు గింజంతో అంతకన్నా కాస్త పెద్దగానో ఉండి, ఒంటి మీద అడ్డంగా పెంకుల వరుసలున్న జీవులు వెలుగు పడగానే పరుగెత్తుతాయి. కొన్ని పరుగెత్తవు, ముడుచుకుని గుండ్రటి గింజలా దొర్లిపోతాయి. ఇవే ఐసోపాడ్లు. జపాన్, అమెరికా, ఐరోపా దేశాల్లో వీటిని గాజు పెట్టెల్లో, ప్లాస్టిక్ డబ్బాల్లో పెంచేవాళ్లు వేలల్లో ఉన్నారు.

రోకలిబండ కూడా ముడుచుకుంటుంది కదా అని అనుమానం రావచ్చు. కాళ్లు లెక్కపెడితే సందేహం తీరుతుంది. పెద్ద ఐసోపాడ్‌కి ఏడు జతలు, అంటే 14 కాళ్లు. అంతకన్నా చాలా ఎక్కువ కాళ్లుంటే అది రోకలిబండ జాతిది.

ఇది పీతకు చుట్టం

రొయ్య, పీత, ఐసోపాడ్ ఒకే పెద్ద కుటుంబంలోవి. పీతలూ రొయ్యలూ చాలామటుకు నీళ్లలోనే ఉండిపోయాయి. ఐసోపాడ్లలో కొన్ని మాత్రం నేల మీదికి నడిచి వచ్చి, సముద్రానికి తిరిగిపోకుండా ఇక్కడే స్థిరపడ్డాయి. కానీ పాత ఇల్లు పూర్తిగా వదలలేదు. వీటికి మనలాంటి ఊపిరితిత్తులు లేవు. ఒంటి వెనక భాగం అడుగున పలకల్లాంటి అవయవాలుంటాయి, వాటితోనే గాలి పీల్చుకుంటాయి. ఆ పలకల మీద పల్చటి తడి పొర ఉన్నంతసేపే ఊపిరి ఆడుతుంది. అది ఆరితే చుట్టూ ఎంత గాలి ఉన్నా ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతాయి. నీళ్లలో మునిగినా చస్తాయి. అటు ఎండకూ ఇటు ముంపుకూ మధ్య, సరిగ్గా పదునులో ఉన్న మట్టే వీటి లోకం.

కొన్ని జాతులు నోటితోనే కాక తోక దగ్గరుండే రెండు ముళ్లతో కూడా నీళ్లు తాగుతాయి. తడి నేలకు ఆ ముళ్లను ఆనిస్తే, దీపం వత్తి నూనెను పీల్చినట్టు నీరు పైకి పాకుతుంది.

డబ్బా సగం తడిగా, సగం పొడిగా ఎందుకుండాలి?

కొత్తగా పెంచేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు డబ్బా అంతా నీళ్లు చల్లడం. తడి కావాలన్నారు కదా అని చెంబుతో పోస్తారు. వారంలో మట్టి కంపు కొడుతుంది, గాలి ఆడదు, జీవులు మూత అంచులకు ఎక్కి కూర్చుంటాయి. అలా ఎక్కితే మట్టి బాగాలేదని చెబుతున్నట్టే.

చేయవలసింది ఇది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, బిర్యానీ పార్సిల్ డబ్బా కన్నా కాస్త పెద్దదైతే చాలు. ఎదురెదురు గోడలకు సన్న రంధ్రాలు చేయండి. అడుగున నాలుగు వేళ్ల మందం మట్టి వేయండి. పెరటి మట్టిలో బాగా చివికిన ఆకుల ఎరువు, కొంచెం కొబ్బరి పీచు పొడి కలిపితే సరిపోతుంది. పైన ఎండి గోధుమ రంగుకు తిరిగిన ఆకులు దళసరిగా పరచండి. ఒక మూలన నాచు గానీ తడిపిన కొబ్బరి పీచు గానీ పెట్టి, నీళ్లు ఆ మూలనే పోయండి. రెండో వైపు ఒట్టి ఆకులూ చెట్టు బెరడు ముక్కలూ ఉండాలి. ఎంత తడి కావాలో ఆ జీవే నడిచి వెళ్లి ఎంచుకుంటుంది. మన కొలత కన్నా దాని కొలత మేలు.

నల్లా నీళ్లయితే ఒక రాత్రి మూత లేని గిన్నెలో ఉంచి పోయండి.

ఆకులు ఎక్కడ ఏరుతారన్నది మన జిల్లాల్లో మరీ ముఖ్యం. పత్తి చేన్ల గట్ల మీద రాలినవి వద్దు, మందు కొట్టిన పొలాల దగ్గరివి అసలే వద్దు. పురుగుమందు పురుగులనెలా చంపుతుందో వీటినీ అలాగే చంపుతుంది. వేపాకు కూడా వేయకండి, దాని చేదులోనే పురుగుల్ని ఆపే గుణం ఉంది. ఎన్నడూ మందు తాకని మామిడి, మద్ది, చింత ఆకులు మంచివి. టేకు ఆకు వేయవచ్చు కానీ గట్టిది, చివకడానికి చాలా కాలం పడుతుంది. అందుకే దాన్ని దాక్కునే చోటుగా లెక్కపెట్టుకోండి.

ఇంకొక మాట. డబ్బా ఉన్న గదిలో దోమల చుట్ట వెలిగించకండి, స్ప్రే కొట్టకండి. దోమల్ని పడగొట్టే ఆ మందు రొయ్యలకూ పీతలకూ వాటి చుట్టాలకూ ప్రాణాంతకం.

మే నెల గడిచేదెలా?

కరీంనగర్‌లో మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. రామగుండం, గోదావరిఖని వైపు బొగ్గు గనుల నేల ఇంకా సెగ కక్కుతుంది. స్లాబు కింద పై అంతస్తు గదిలో డబ్బా పెడితే మధ్యాహ్నానికి అది పొయ్యి మీద పెట్టినట్టే.

దీనికి విరుగుడు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఎండాకాలం రంజన్‌లో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? మట్టి గోడలోంచి నీరు బయటికి ఊరి, ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అదే పని డబ్బాకు చేయించవచ్చు. వెడల్పాటి మట్టి గోలెంలో ఇసుక పోసి, తడిపి, దాని మధ్యలో డబ్బా కూర్చోబెట్టండి. ఇంట్లో అన్నిటికన్నా కింది గదిలో, నేల మీద, గాలి తగిలే చోట పెట్టండి. ఇసుకను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడపండి. మే నెలలో మన గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టే ఈ ఉపాయం అంత బాగా పనిచేస్తుంది. జులై వస్తే గాలిలోనే తడి నిండి ఇసుక చల్లబరచడం తగ్గిపోతుంది, కానీ అప్పుడు ఆ అవసరమూ ఉండదు.

ఆదిలాబాద్ వైపు ఇంకో చిక్కు ఉంది. డిసెంబరు, జనవరిలో అక్కడ రాత్రి చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. వేడి దేశాల ఐసోపాడ్లు చలికి మట్టిలోకి దిగి మేత మానేస్తాయి, పిల్లల్ని పెట్టవు. డబ్బా చుట్టూ పాత గొంగడి చుడితే చాలు. గాలి రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు.

గుంపుగా ఉండటం కూడా నీళ్లు దాచుకునే పద్ధతే

బెరడు ముక్క ఎత్తితే ఇవి ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా కనిపిస్తాయి. భయంతోనో స్నేహంతోనో అలా చేరాయనిపిస్తుంది. ముఖ్యమైన కారణం తడి. ఒంటరిగా ఉన్నదాని ఒంట్లోంచి నీరు అన్ని వైపులా ఆవిరైపోతుంది. కుప్పలో ఉన్నప్పుడు గాలి తగిలే ఒళ్లు తగ్గి, ఆరిపోవడం నెమ్మదిస్తుంది. అందుకే ఒకటో రెండో తెచ్చి పెంచకూడదు. పది పన్నెండు ఉంటేనే అవి కుదుటపడతాయి.

బిడియం వాటి స్వభావం

క్యూబారిస్ అనే ప్రజాతిలోవి మరీ సిగ్గరులు. థాయ్‌లాండ్ సున్నపురాయి గుహల్లో దొరికిన ఒక రకానికి ముఖం పసుపుగా, బాతుపిల్ల ముఖంలా ఉంటుంది. స్నానాల తొట్టిలో పిల్లలు ఆడుకునే రబ్బరు బాతు పేరే దానికి పెట్టారు. పిల్లల్ని తక్కువగా, ఆలస్యంగా పెడుతుంది కాబట్టి ఒక్కొక్కటీ ఎంతో ధర పలుకుతుంది. కొన్నవాళ్లు నెలల తరబడి దాని ముఖం చూడలేరు. పగలంతా మట్టిలో, రాత్రి చీకట్లో కాసేపు బయట. రోజూ ఆకులు ఎత్తి చూస్తే బెదిరి, గూడు కుదరక, సంతానం ఆగిపోతుంది. వారానికి ఒకసారి తడి చూసుకుని మూత పెట్టేయడమే మంచి పెంపకం. చూడాలన్న ఆశను అణచుకోగలవాళ్ల దగ్గరే ఇవి వృద్ధి చెందుతాయి.

అంత దూరం నుంచి తెప్పించుకోవద్దనే నా మాట. ధరకు ఆశపడి గుహల్లో ఉన్నవాటిని ఊడ్చి తేవడం ఆ గుహలకు కీడు. మన వాతావరణానికి అలవాటుపడినవే ఉన్నాయి. క్యూబారిస్ మ్యురినా అనేది వేడి దేశాలన్నిటా పాకిన జాతి, ముట్టుకుంటే ముడుచుకుంటుంది. పోర్సెలియోనైడెస్ ప్రూనోసస్ అనేది ఒంటికి విభూతి రాసుకున్నట్టు బూడిద నీలంలో మెరుస్తుంది. అది ముడుచుకోదు, పరుగెత్తుతుంది, ఎరువు కుప్పల్లో ఇష్టంగా ఉంటుంది. మొదటిసారి పెంచేవాళ్లకు దానికన్నా సులువైనది లేదు.

చొక్కా ఒకరోజు, లాగు ఒకరోజు

పాము కుబుసం ఒకేసారి విడుస్తుంది. ఐసోపాడ్ రెండు వాయిదాల్లో విడుస్తుంది. మొదట వెనక సగం, ఒకటి రెండు రోజులాగి ముందు సగం. ఆ మధ్యలో చూస్తే ఒళ్లు రెండు రంగుల్లో ఉంటుంది, సగం లేతగా సగం ముదురుగా. జబ్బు చేసిందని భయపడి కదిలించకండి. ఆ సమయంలో దాని పెంకు మెత్తగా ఉంటుంది. తరవాత విడిచిన కుబుసాన్ని అదే తినేస్తుంది.

పెంకు గట్టిపడటానికి కాల్షియం కావాలి. కుబుసం విడిచే ముందు పాత పెంకులోని కాల్షియాన్ని వెనక్కి లాగి, ఒంటి ముందు భాగం అడుగున తెల్లటి మచ్చలుగా దాచుకుంటుంది, మళ్లీ కొత్త పెంకులోకి పంపుకుంటుంది. ఇంత పొదుపు చేసినా బయటినుంచి కొంత అందాలి. మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్‌లలో సిమెంటు ఫ్యాక్టరీలు రావడానికి కారణమైన సున్నపురాయి అదే పదార్థం. ఆ రాయి చిన్న ముక్క డబ్బాలో పడేస్తే చాలు. లేదంటే కడిగి ఎండబెట్టి పొడిచేసిన కోడిగుడ్డు పెంకు, లేదంటే పక్షుల దుకాణంలో దొరికే సముద్రపు నురుగు. తాంబూలంలో వేసుకునే సున్నం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయవద్దు. పేరు ఒకటే అయినా అది నోటిని పొక్కించే ఘాటు సున్నం, వీటి లేత ఒంటిని కాల్చేస్తుంది.

తల్లి తనతోపాటు చెరువును మోస్తుంది

నన్ను అన్నిటికన్నా కదిలించే సంగతి ఇదే. రొయ్యలూ పీతలూ పిల్లల్ని నీళ్లలో వదులుతాయి. నేల మీదికి వచ్చిన ఐసోపాడ్ తల్లి ఏం చేయాలి? కాళ్ల మధ్య, ఒంటి అడుగున, పల్చటి రేకులతో సంచి కట్టుకుంటుంది. అందులో ద్రవం నింపుకుని గుడ్లను అక్కడే ఉంచుకుంటుంది. గుడ్లు పొదిగి పిల్లలయ్యాక సంచి విప్పి బయటికి వదులుతుంది. చూడటానికి తెల్లగా, ఆవగింజకన్నా చిన్నగా, తల్లికి అచ్చు నకళ్లలా ఉంటాయి. ఒక్క తేడా, వాటికి ఆరు జతల కాళ్లే. ఏడో జత తరవాత కుబుసం విడిచినప్పుడు వస్తుంది.

మూత్రం పోయవు

నీళ్లు వృథా చేయకూడదు కదా. అందుకే ఐసోపాడ్లు ఒంట్లోని వ్యర్థాన్ని అమ్మోనియా వాయువుగా గాలిలోకి వదిలేస్తాయి. డబ్బాకు రంధ్రాలు ఎందుకుండాలో ఇందువల్లా అర్థమవుతుంది.

నీలం రంగు చూసి మురిసిపోకండి

మామూలు బూడిద రంగు గుంపులో ఒకటి ఉన్నట్టుండి మెరిసే నీలంలోకో వంగపండు రంగులోకో మారితే అది అపురూపమైన రకం కాదు. ఇరిడోవైరస్ సోకిందని గుర్తు. ఒంట్లో పేరుకున్న వైరస్ కణాలు వెలుగును విరిచి ఆ రంగు చూపిస్తాయి. అది త్వరలో చనిపోతుంది. వేరు చేయండి. మనుషులకు అది అంటదు. పుట్టుకతోనే బూడిద నీలంగా ఉండే జాతులు వేరు, వాటికి భయం లేదు.

ఈ జిల్లాలకు చిన్న ప్రాణుల పెంపకం కొత్తేం కాదు

పాత ఆదిలాబాద్ జిల్లా చెన్నూరు, పాత కరీంనగర్ జిల్లా మహాదేవపూర్ దసలి పట్టుకు పేరుపడ్డ చోట్లు. మల్బరీ పట్టుపురుగును ఇంట్లో తట్టల్లో పెంచుతారు. దసలి పురుగు ఇంట్లో నిలవదు. దానికి నల్లమద్ది, తెల్లమద్ది చెట్లు కావాలి, ఆరుబయట గాలి కావాలి. అందుకని పెంచేవాళ్లే అడవికి పోతారు. గుడ్ల నుంచి వచ్చిన పిల్లల్ని చెట్ల మీద వదిలి, ఒక చెట్టు ఆకు అయిపోతే ఇంకో చెట్టుకు మారుస్తూ, పిట్టలూ చీమలూ తినకుండా పట్టుకాయలు కట్టేదాకా కాపలా ఉంటారు. దాని లోకానికి తామే వెళ్లి కూర్చుంటారు. అగ్గిపెట్టెలో ఆరుద్రను దాచిన మన పద్ధతికి ఇది సరిగ్గా వ్యతిరేకం. ఐసోపాడ్ పెంచేవాళ్లు నేర్చుకోదగిన పాఠశాల ఆ మద్ది చెట్ల కిందే ఉంది.

బంగాళాఖాతం అడుగున వీటి పెద్దన్న

సముద్రంలోనే ఉండిపోయిన ఐసోపాడ్లలో బాతినోమస్ అనేది జానెడు దాటి పెరుగుతుంది. 1879లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మిల్న్-ఎడ్వర్డ్స్ దానికి పేరు పెట్టారు. తరవాత పన్నెండేళ్లకు, ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడకు చిక్కినవాటిని చూసి, ఆ జాతి బంగాళాఖాతంలోనూ ఉందని శాస్త్రవేత్తలు వుడ్-మేసన్, ఆల్కాక్ రాశారు. జపాన్‌లోని తోబా అక్వేరియంలో ఒకటి 2009 జనవరి 2న మేత తిని, ఆపైన ముట్టకుండా 2014 ఫిబ్రవరి 14 దాకా, అయిదేళ్లకు పైగా బతికింది. మన డబ్బాలోది అంతకాలం పస్తుండలేదు. ఎండుటాకులు ఎప్పుడూ ఉండాలి, అప్పుడప్పుడు దోసకాయ ముక్కో గుమ్మడి ముక్కో వేసి, బూజు పట్టకముందే తీసేయాలి.

అడవికి వీటితో పనేమిటి?

కవ్వాల్ అడవిలో ఎండాకాలం నడిస్తే మడమ మునిగేంత టేకాకు. రెండు వానలు పడి కొన్ని నెలలు గడిచేసరికి అది పల్చబడుతుంది. ఐసోపాడ్లు, రోకలిబండలు, చెదలు, వానపాములు దాన్ని కొరికి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల మీద బూజూ బాక్టీరియా పనిపూర్తి చేస్తాయి. ఐసోపాడ్ తన రెట్టను తానే మళ్లీ తింటుంది, మొదటిసారి జీర్ణం కానిది రెండోసారి అందుకుంటుంది. చివరికి మిగిలేది మట్టి.

కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడినుంచి ఆకు గానీ జీవి గానీ తేవడం చట్టం ఒప్పుకోదు. కుంటాల జలపాతం చూడబోయి నాచు పెకిలించి తేవడమూ తప్పే. మీ పెరడు చాలు. బయటి దేశపు రకాన్ని ఎవరైనా ఇచ్చి పెంచుతుంటే, విసుగొచ్చిన రోజున దాన్ని చేన్లోనో అడవిలోనో వదలకండి. ఇక్కడి మట్టిలో ఉన్నవాటి చోటు అది ఆక్రమించవచ్చు, కొత్త జబ్బులు అంటించవచ్చు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

మృగశిర కార్తె దాటి, రెండు మంచి వానలు పడ్డాక. అప్పుడు కుండీల కింద ఇవి పుష్కలంగా ఉంటాయి, గాలిలో తడి సగం పని చేసిపెడుతుంది. పిల్లలతో కలిసి పన్నెండింటిని మెత్తటి కుంచెతో డబ్బాలోకి దించండి. వారానికొకసారి పిల్లల చేతికి గుప్పెడు డబ్బా మట్టి ఇచ్చి, నొక్కి చూడమనండి. ముద్ద కడుతుందా, నీళ్లు కారుతున్నాయా, వాళ్లనే చెప్పనివ్వండి. తాతో నాయనమ్మో పక్కనుంటే వాళ్లనూ పిలవండి, పదును సంగతి వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. దసరా వచ్చేసరికి, అన్నీ కుదిరితే, ఎండుటాకు అడుగున తెల్లగా, ఆరు జతల కాళ్లతో, కనీకనిపించకుండా ఏవో కదులుతుంటాయి. ఆకును ఎక్కడిదక్కడ పెట్టి మూత వేసేయండి.